ఐదో మొక్క గురించి ఏమీ రాయలేదు

గొడుగు వేశాక 41వ ఏడు, ఏప్రిల్ 24, మంగళవారం

పొద్దున్నే నూకరత్నం మామ్మ గదిలో అడుగు పెట్టగానే చూశాను: నూనె డబ్బాలో నాటిన ఎర్ర మందారం కొమ్మకి మొగ్గ వచ్చింది. కందిగింజంత ఉంది. దాని చుట్టూ సన్నటి ఆకుపచ్చ వేళ్లు ఏడు, జారిపోకుండా పట్టుకున్నట్టు.

నేను కేక పెట్టాననుకుంటాను. మామ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "ఒలే పైడీ, దాన్నలగ గుచ్చి గుచ్చి సూడకు. సిగ్గేసి రాలిపోద్ది" అంది. తనకి నాలుగు రోజుల కిందటే తెలుసట. చూపు మసకబారింది కాబట్టి రోజూ కొమ్మని మొదలు నుంచి చివరిదాకా వేళ్లతో తడుముతుంది. చెబితే నేను పూటకి పదిసార్లు వచ్చి చూస్తానని చెప్పలేదట. నిజమే, చూసేదాన్ని.

ఈ పుస్తకం బడి కోసం. తొమ్మిదీ పదీ తరగతుల్లో ఒక్కొక్కరం ఒక్కో పని ఎంచుకుని దినచర్య రాయాలి. కిందటేడూ ఈ ఏడూ నాది మందారాలే. కిందటేడు పుస్తకంలో విమల టీచరు పేజీ పేజీకీ ఎర్ర సిరాతో ఒకటే రాశారు: "పోలికలు వద్దు, కొలతలు రాయి." అందుకని ఈసారి బుద్ధిగా కొలుస్తున్నాను. గదిలో వేడి పద్దెనిమిది డిగ్రీలు, బయట ఆరు. కొమ్మ ఎత్తు ఒక జానా నాలుగు వేళ్లు. ఆకులు పదకొండు, వాటిలో పసుపు తిరిగినవి రెండు. మొగ్గ ఒకటి.

ఈ కొమ్మకి తల్లి చెట్టు నాకు బాగా గుర్తుంది. మా కొత్తమెట్టలో అరవై మూడు ఇళ్లు. పెద్దవాళ్లంతా సముద్రపు ఒడ్డు వాళ్లు. నీళ్లు ఊళ్లోకి వచ్చేశాక కొండెక్కారు. వేడి తగ్గాలని, ఎండని పలచన చేసే గొడుగు ఆకాశానికి వేశాక కొండ ఇలా గడ్డకట్టడం మొదలైంది. ఎక్కేటప్పుడు అందరూ బిందెలూ పరుపులూ మోసుకొస్తే, మామ్మ తడిగుడ్డలో చుట్టిన మందారం పుల్ల ఒకటి తెచ్చిందట. దానికోసం అద్దాల గది కట్టి, ఊక ఇటుకలు కాల్చి వెచ్చగా ఉంచేవారు. వెచ్చటిల్లు అనేవాళ్లం. మందారం పొద్దున్న విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది కదా, అందుకని ఏ రోజు పూవు ఆ రోజు ఒక ఇంటికి వంతు. కొందరు దేవుడి దగ్గర పెట్టేవారు. కొందరు కొబ్బరినూనెలో కాచి పిల్లల తలకి రాసేవారు. ఒక తాత మాత్రం మంచం పక్కన గ్లాసులో పెట్టుకుని, అది ముడుచుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

రెండు చలికాలాల కిందట ఊక ఇటుకలు చాల్లేదు. వెచ్చటిల్లు మూశారు. వారంలో ఆకులన్నీ పసుపు తిరిగి రాలాయి, తర్వాత మాను నల్లబడింది. పూల వంతు ముప్ఫై ఏడో ఇంటి దగ్గర ఆగిపోయింది. మామ్మ విరుచుకుని తన పొయ్యి పక్కకి తెచ్చుకున్న కొమ్మే ఈ డబ్బాలోది.

ఏప్రిల్ 26, గురువారం

ఈరోజు బయటి మడి చూడ్డానికి వెళ్లాం. బయటి మడి అంటే బడి గోడ పక్కన, కిందటేడు మామ్మ ఐదు గింజలు నాటిన చోటు. అవి చలిదేశపు మందారాలు. సంతలో ఒకాయన దగ్గర దొరికాయి. పొట్లంలో చిరిగిన చీటీ ఒకటి ఉండేది. మంచు పడితే మొక్క పైకి చచ్చిపోతుందనీ, దుబ్బు మట్టిలో బతికే ఉంటుందనీ, వేసవి ముదిరాక మళ్లీ మొలుస్తుందనీ అందులో రాసి ఉంది. దుబ్బు అనే మాట నాకు చాలా ఇష్టం. పలికితే మట్టిలో ఏదో బరువుగా కూర్చున్నట్టుంటుంది.

ఐదింట్లో నాలుగు కిందటేడే పూశాయి. ఒక్కో పూవూ అన్నం తినే పళ్లెమంత. ఊరంతా వచ్చి చూసింది. అక్టోబరులో మొదటి మంచుకి ఒక్క రాత్రిలో నల్లగా వేలాడిపోయాయి. ఆ వారం నాకు జ్వరం. మామ్మే వాటిని అడుగెత్తున కోసి, పుల్లలు అలాగే ఉంచింది.

మడి పక్కన పొలాల పని చూసే చిన్నంనాయుడు మావయ్య నిలబడి ఉన్నాడు. ఆగిపోయిన పూల వంతులో ముప్ఫై ఎనిమిదో ఇల్లు ఆయనదే. అందుకని మామ్మ ఎదురైతే చాలు, ఎగతాళి చేస్తాడు.

"ఏటి పెద్దమ్మా, కుంభకర్ణుడైనా ఆరు నెల్లకి లెగుస్తాడు. మీ మొక్కలు ఏడో నెల్లో పడ్డాయి."

మామ్మ నవ్వి, భూమి కాళ్లకి వెచ్చగా తగిలేదాకా అవి లేవవంది. ఆయన నవ్వలేదు. మే పదిహేను దాటితే విత్తనం బంగాళాదుంప పనికిరాదనీ, ఊళ్లో ఎండ తగిలే గోడ ఇదొక్కటేననీ, కిందటి చలికాలం ఆఖరి నెల ఎవరెవరి ఇళ్లల్లో ఒంటిపూట తిన్నారో మామ్మకీ తెలుసనీ చెప్పాడు. ఆ రోజు పొద్దున్నకి మొలక కనబడకపోతే గునపం దించేస్తానన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒంటిపూట తిన్న ఇళ్లల్లో మాదీ ఒకటి.

ఆయన వెళ్లాక మామ్మ వంగి మడిని చేత్తో తడిమింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి, "పుల్లలేవే?" అంది.

తీసింది నేనే. ఉగాది ముందు ఊరంతా వాకిళ్లు శుభ్రం చేసుకుంటుంటే, బడి పిల్లలం కూడా తలో చోటూ పంచుకున్నాం. నా వంతుకి వచ్చింది వరండా. అది తొందరగా అయిపోయింది. పండగ పూట బడి ముందు ఎండు పుల్లలేమిటని, అడక్కుండానే మడి కూడా శుభ్రం చేశాను. ఐదూ పుటుక్కున మొదలంటా విరిగాయి. పైన మన్ను కప్పి, చదును చేసి, ఊడ్చి, నీళ్లు చల్లాను. ఆ పుల్లలతోనే మా ఇంట్లో ఉగాది తలంటు నీళ్లు కాగాయి.

మామ్మకి మాత్రం బడికి వేళైందని చెప్పి వచ్చేశాను.

ఏప్రిల్ 29, ఆదివారం

మడి సంగతి తేల్చడానికి ఊరి కమిటీ కూర్చుంది. నేను కిటికీ అవతల నిలబడి విన్నాను.

చిన్నంనాయుడు మావయ్య మెత్తబడ్డాడు. "మడంతా నాకక్కర్నేదు. సోటు సూపించు పెద్దమ్మా. ఆ అయిదు సోట్లూ ఒగ్గేసి మిగతాది తవ్వుకుంతాను" అన్నాడు.

అంతకంటే మంచి మాట ఎవరూ అనలేరు. కానీ మామ్మ చూపించలేకపోయింది. గుర్తు కోసం ఉంచినవే ఆ పుల్లలు. తవ్వి వెతుకుదామంటే, మట్టి కింద మొలక మొన తగిలి విరిగితే ఆ ఏడాదికి అంతే.

పుల్లలెవరు తీశారని ఎవరో అడిగారు. మామ్మ, "నానే. కట్టెల్లేక పొయ్యిలో పెట్టేసినాను" అంది. నవ్వులు వినబడ్డాయి. కళ్లతోపాటు మతి కూడా పోయిందని ఒకామె అంది. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఇంటికి వచ్చేశాను.

ఏప్రిల్ 30, సోమవారం

మొగ్గ రాలిపోయింది.

నేనే చేశాను. చిక్కుడు గింజంత పెరిగింది కదా, కిటికీ వైపు తిప్పితే ఎండ బాగా తగిలి తొందరగా విచ్చుకుంటుందనుకున్నాను. ఎర్రమందారం పూస్తే ఊరి మనసు మారుతుందనీ, మడి సంగతి మర్చిపోతారనీ లోపల ఆశ. పొద్దున డబ్బా తిప్పాను. సాయంత్రానికి కాడ మొదట్లో పసుపు గీత, ఆ తర్వాత మొగ్గ టప్పున డబ్బాలోని మట్టి మీద పడింది. వెచ్చదేశపు మందారం అంతేనట. వెలుగు పక్క మార్చినా, గాలి మారినా, ముందు మొగ్గని వదిలేస్తుంది.

మామ్మ తిట్టలేదు. రాలిన మొగ్గని నా అరచేతిలో పెట్టి వేళ్లు ముడిచింది. అది తిట్టు కంటే ఎక్కువ.

కొలతలు: మొగ్గ పొడవు ముప్పావు అంగుళం. ఆకులు తొమ్మిది.

మే 1, మంగళవారం

పుల్లల సంగతి మామ్మకి చెప్పేశాను. మామ్మ జొన్నలు చెరుగుతోంది. చేట ఆగలేదు.

"తెల్సు" అంది.

ఎలా తెలుసని అడిగాను.

"మేకలు తిన్నాయనుకుందును. కానీ మేకలు తినేసి మన్ను సదును సేసి ఎల్తాయేటే? ఈ ఊర్లో అంత పొందిగ్గా ఊడ్సేది నువ్వొక్కదానివే."

మరి కమిటీలో అలా ఎందుకు చెప్పావంటే, వాళ్లు తనని నలభై ఏళ్లుగా చూస్తున్నారనీ, ఒక మాట అనేసి మర్చిపోతారనీ, నన్నయితే ఇప్పుడిప్పుడే చూస్తున్నారు కాబట్టి మర్చిపోరనీ చెప్పింది. తర్వాత చేట పక్కన పెట్టి, ఏడ్చేది ఏడ్చేసి, ఆ మడిలో ఏది ఎక్కడుండేదో గుర్తు చేసుకోమంది. కళ్లు పనిచేసేది నావే కదా.

ఎంత గుర్తు చేసుకున్నా నాకు పూలే గుర్తొచ్చాయి, చోట్లు రాలేదు.

మే 5, శనివారం

చోట్లు నా దగ్గరే ఉన్నాయి!

కిందటేడు పుస్తకం పెట్టె అడుగున దొరికింది. కొలతల కోసం తెరిచాను. కొలతలు దాదాపు లేవు. "పూవు వెడల్పు: పెద్దది" అని ఒకచోట ఉంది. టీచరు దాన్ని రెండుసార్లు కొట్టేశారు. కానీ ఆవిడ కొట్టేసిన మిగతా మాటలు మామ్మకి వరసగా చదివి వినిపిస్తుంటే, మూడో పేజీలో మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"జులై 9. ఒకటో మొక్క కారే కొళాయి కిందికి మెడ చాచి, దాహమేసిన దూడలా చుక్క చుక్కా తాగుతోంది." కొళాయి కదల్లేదు, ఇంకా అక్కడే కారుతోంది. ఆ చుక్క పడే చోటికి జానెడు దూరంలో మొక్క ఉండాలి!

"జులై 16. మామ్మ రాయి మీద కూర్చుంటే రెండో మొక్క తన చెవిలో చాడీలు చెబుతోంది." ఆ రాయీ అక్కడే ఉంది. మామ్మని కూర్చోబెట్టి చూశాను. ఎడమ చెవి వైపు, ఎందుకంటే కుడి చెవి గోడ వైపు.

"జులై 22. నా బెంచీలోంచి చూస్తే నాలుగో పూవు కిటికీ మూడో చువ్వకి పూసినట్టుంది." ఇద్దరం బడికి పరిగెత్తాం. అంటే నేను పరిగెత్తాను. బెంచీలో కూర్చుని నేను చేయి ఊపుతుంటే, మామ్మ మడిలో కర్ర పట్టుకుని అటూ ఇటూ జరిగింది. మూడో చువ్వకి కర్ర అతికినచోట సున్నం వేశాం.

మూడో మొక్క గురించి ఇలా ఉంది: "జులై 30. ఆఖరి గంటకి, వేలాడదీసిన పట్టా ముక్క నీడ వచ్చి మూడో పూవుకి సరిగ్గా నడుమ బొట్టు పెట్టింది." బడి గంటంటే మాకు ఆ రైలు పట్టా ముక్కే, ఆఖరి గంట నాలుగింటికి. కానీ ఆ నీడ కోసం జులై దాకా ఆగాలి.

ఐదో మొక్క గురించి వెతికాను. పుస్తకమంతా తిప్పాను. ఒక్కచోట ఉంది. "ఐదోది: పూయలేదు." అంతే. పూయలేదు కాబట్టి దానికి నేను ఒక్క పోలిక కూడా ఇవ్వలేదు.

మే 7, సోమవారం

పుస్తకం తీసుకెళ్లి విమల టీచరుకి అంతా చెప్పాను. ఆవిడ తన ఎర్ర గీతలకేసి చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీద వేళ్లతో లెక్కపెట్టి, జులై దాకా ఆగక్కర్లేదన్నారు. జూన్ ఇరవై ఒకటికి సూర్యుడు వెనక్కి తిరుగుతాడు. ఆ రోజుకి ముప్ఫై తొమ్మిది రోజుల తర్వాత జులై 30. ముప్ఫై తొమ్మిది రోజుల ముందు మే 13. రెండు రోజులూ నీడ ఒకే దారిలో నడుస్తుంది.

నేను వెళ్లబోతుంటే పిలిచి, "పోలికలు కూడా రాయమ్మా. కాకపోతే ఎక్కణ్ణుంచి చూశావో, ఎన్ని గంటలకి చూశావో కూడా రాయి" అన్నారు.

దొరికిన మూడు చోట్లా మట్టి వెచ్చబడాలని వెడల్పు మూతి గాజు సీసాలు బోర్లించాను. మడిలో మట్టి పదమూడు డిగ్రీలు. సీసా కింద పందొమ్మిది. ఎండ గాజులోంచి దూరి బయటికి దారి మర్చిపోతుంది. (పడమటి చివర నుంచి చూశాను, మధ్యాహ్నం రెండు గంటలకి.)

మే 13, ఆదివారం

పొద్దున్నుంచీ మబ్బు. గొడుగు కింద ఎండే పలచన, దాని మీద మబ్బు కూడానూ. మధ్యాహ్నం మూడున్నరకి టీచరు గడియారం పట్టుకుని వచ్చారు. మామ్మ రాయి మీద కూర్చుంది. బంగాళాదుంపలకి మట్టి చూసుకోవడానికి చిన్నంనాయుడు మావయ్య కూడా వచ్చి, మేమేం చేస్తున్నామో అర్థంకాక అక్కడే నిలబడిపోయాడు.

నాలుగుకి రెండు నిమిషాలు ఉండగా మబ్బు అంచు చిరిగింది. పట్టా ముక్క నీడ మట్టి మీద పడింది, అలికినట్టు మసగ్గా. అది నడిచి నడిచి నాలుగుకి ఆగినట్టనిపించిన చోట నేను నాలుగో సీసా బోర్లించాను. వెంటనే మబ్బు మూసుకుంది. మావయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు.

అప్పుడు ఆయనకి చెప్పాను, పుల్లలు తీసింది మామ్మ కాదు, నేనని.

ఆయన మామ్మకేసి చూశాడు. ఆవిడ ఎటో చూస్తోంది. "ఆ రోజు కమిటీలో పెద్దమ్మ అన్ని మాటలు పడతంటే నువ్వెక్కడున్నావు?" అనడిగాడు, గొంతు పెంచకుండానే.

కిటికీ అవతలున్నానని చెప్పాను.

"ఎల్లుండి పొద్దున్న తవ్వడానికి అందరూ వత్తారు. అక్కడ సెప్పు. కిటికీ ఇవతల."

సరేనన్నాను.

మే 14, సోమవారం

సాయంత్రం ఐదు గంటలకి, కొళాయి పక్క సీసాకి లోపలంతా ఆవిరి పట్టి ఉంటే తుడవడానికి ఎత్తాను. మట్టి చిన్నగా పగిలి ఉంది. పగులులోంచి ఎర్రటి మొన. గోరింటాకు పెట్టుకున్న చిటికెన వేలి కొనలాంటిది. ఎత్తు అర అంగుళానికి తక్కువ. (మోకాళ్ల మీద కూర్చుని, తూర్పు వైపు నుంచి చూశాను.)

ఈసారి కేక పెట్టలేదు. సీసా మెల్లగా దించి మామ్మని తీసుకొచ్చాను. ఆవిడ ఒక్క వేలు, అదీ చివర మాత్రమే, తాకించింది. చాలాసేపటి దాకా తీయలేదు.

"మారాకేస్తంది" అంది. పాత ఆకులన్నీ పోయాక చెట్టు మళ్లీ వేసే ఆకుని మారాకు అంటారట. ఆ మాట ఇంతవరకు నేను ఎక్కడా రాయలేదు. ఇదే మొదటిసారి.

చిన్నంనాయుడు మావయ్యకి కబురు వెళ్లింది. వచ్చి, నేల మీద దాదాపు పడుకుని చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. ఎగతాళి చేస్తాడని ఎదురు చూశాను. "పూల వంతు కాయితాలు ఉన్నాయేటి పెద్దమ్మా, పారేసినావా?" అన్నాడు. మామ్మ కొంగు ముడిలోంచి మడత పెట్టిన కాగితాలు తీసి చూపించింది. రెండేళ్లుగా అక్కడే ఉన్నాయట.

నాలుగు సీసాల చుట్టూ మూరెడు చొప్పున వదిలేస్తానని ఆయన ఒప్పుకున్నాడు. నేను ఐదోదాని సంగతి అడిగాను. దాని చోటు తెలీదు కదా, తెలీని దాని కోసం వరసంతా వదిలితే ఎనిమిది మొక్కల దుంప పోతుందన్నాడు. ఎనిమిది మొక్కలంటే ఒక ఇంటికి ఎన్ని పూటలో నాకు తెలుసు కాబట్టి వాదించలేకపోయాను. వెళ్లబోతూ గోడ పక్క వరస దగ్గర ఆగాడు. మిగిలిన నాలుగూ ఇవతల ఉన్నాయి కాబట్టి ఐదోది అక్కడే ఉండాలి.

"ఈ వరసలో గునపం దించను. నువ్వే తవ్వు, సేత్తో. తగిల్తే ఒగ్గేద్దుం. తగలకపోతే దుంప పెట్టీ."

కాబట్టి రేపు పొద్దున్న ఐదున్నరకి లేస్తాను. అమ్మ దగ్గర చెక్క గరిటె అడిగి పెట్టుకున్నాను, ఇనుము అయితే మొలక తెగుతుంది. ముందు అందరూ చేరాక, మడి ముందు నిలబడి పుల్లల సంగతి చెబుతాను. ఎలా చెప్పాలో మూడు రకాలుగా రాసుకుని మూడూ కొట్టేశాను. "పుల్లలు తీసింది నేను, మామ్మ కాదు" అన్నంత చాలు. తర్వాత గోడ పక్క వరసలో కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో గరిటె మట్టీ తీసి వేళ్లతో తడుముతాను, మామ్మ తడిమినట్టు.

ఈ పేజీలో కింది సగం ఖాళీగా వదిలేస్తున్నాను. రేపు ఐదో మొక్క చేతికి తగిలితే, అది పూసినా పూయకపోయినా, ముందు దానికో పోలిక రాస్తాను. కొలవడం ఆ తర్వాత.